పోటీలకు వెళ్లిన పిల్లల బాధ్యత ఎవరిది?

నమస్కారం. తిరుపతిలోని శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయంలోనో, ఎస్వీ యూనివర్సిటీ మైదానంలోనో అండర్-14, అండర్-17 పోటీలు పెట్టినప్పుడు కుప్పం, పలమనేరు, సత్యవేడు వంటి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అమ్మానాన్నలకు దూరంగా కొన్ని రాత్రులు ఇక్కడే గడపవలసి వస్తుంది. ఖోఖో, కబడ్డీ, అథ్లెటిక్స్ అన్నీ ఒకేసారి జరుగుతుంటే ఒక్కో జట్టు ఒక్కో వేళకు ఆడుతుంది, ఒక్కో చోట బస చేస్తుంది. ఏ పిల్ల ఏ సమయంలో ఎవరి వెంట ఉందో కచ్చితంగా చెప్పగలిగే మనిషి ఒక్కరూ లేని పరిస్థితి అందువల్ల తేలిగ్గా ఏర్పడుతుంది. మైదానంలో అంబులెన్సు, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయా అని నిర్వాహకులు చూసుకుంటారు, అది అవసరమే. కానీ ఆట అయిపోయాక, ముఖ్యంగా చీకటి పడ్డాక పిల్లల క్షేమానికి చేయవలసిన ఏర్పాటు మీద అంత శ్రద్ధ పెట్టడం లేదన్నదే నా ఆవేదన.

వసతి సంగతే తీసుకుందాం. పాఠశాల తరగతి గదిలో బల్లలు ఒక పక్కకు జరిపి, నేల మీద జంపఖానాలు పరిచి పిల్లలను పడుకోబెట్టడం మనకు అలవాటైన పద్ధతి. అందులో తప్పు లేదు. అయితే మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ సరిగ్గా పడుతుందా, అక్కడికి వెళ్లే దారిలో లైటు వెలుగుతుందా, బాలికలు పడుకునే వరండాకు గేటు ఉందా, ఆ గేటు తాళంచెవి రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి జట్లు రాకముందే ఎవరో ఒకరు స్వయంగా నడిచి చూసి రాసుకోవలసిన విషయాలు. చీకట్లో మరుగుదొడ్డికి వెళ్లడానికి భయపడి సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసిన అమ్మాయి, మరునాడు తిరుపతి ఎండలో పరుగు పందెంలో నిలబడుతుంది. గడియ లేని ఆ తలుపు ఆమె ఒంటికి కూడా ప్రమాదం తెచ్చిపెట్టినట్టే. ఎండదెబ్బ తగిలి, ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి, పిల్ల తికమకగా మాట్లాడుతుంటే ముందు చల్లటి నీటితో, ఐసుతో ఒళ్లు చల్లబరచి ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలని క్రీడా వైద్యులు చెబుతారు. కాబట్టి ఐసు, నీళ్ల తొట్టి మైదానం పక్కనే సిద్ధంగా ఉండాలి.

ఇంతకంటే కష్టమైన విషయం ఒకటుంది. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ చికిత్స పేరుతో ఏళ్ల తరబడి బాలికలపై లైంగిక దాడులు చేశాడు. కొన్నిసార్లు తల్లిదండ్రులు అదే గదిలో ఉండగానే, వారికి కనపడకుండా అడ్డు నిలబడి ఆ పని చేశాడు. 1990లలోనే కొందరు అమ్మాయిలు పెద్దలకు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 2018 జనవరిలో 150 మందికి పైగా బాధితులు కోర్టులో నోరు విప్పాక అతనికి 40 నుంచి 175 ఏళ్ల జైలు శిక్ష పడింది. మసాజ్ చేసేటప్పుడు, కండరాల నొప్పికి మందు రాసేటప్పుడు ఎక్కడ చేయి వేస్తారో, ఎందుకు వేస్తారో పిల్లకు ముందే చెప్పాలి, వద్దంటే ఆపాలి, మరో పెద్ద మనిషి, బాలికల విషయంలో ఒక మహిళ, చూస్తూ పక్కనే ఉండాలి. తలుపు మూసిన గదిలో ఒక్కరితో ఒక్కరు అనే పరిస్థితే రాకూడదు. మంచి కోచ్‌కు, మంచి ఫిజియోకు ఈ నియమం అవమానం కాదు, వారికీ రక్షణే.

చట్టం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ బాలలే. వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా కూడా పడతాయి. "జట్టు పరువు పోతుంది, ఊరికి వెళ్లాక మాట్లాడుకుందాం" అనే సర్దుబాటుకు చట్టంలో చోటు లేదు. బాధిత బాలిక పేరు, బడి పేరు బయటపెట్టడం కూడా నేరమే కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో ఆ సంగతులు పంచుకునే వారు ఒకసారి ఆలోచించాలి.

అయితే పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? సెలక్షన్ తన చేతిలో ఉన్న పీఈటీ సార్ గురించే ఫిర్యాదైతే, ఆ సార్‌నే దాటుకుని వెళ్లే ధైర్యం పదమూడేళ్ల పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది? అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2016 రియో క్రీడల నుంచి ఇలాంటి ఫిర్యాదుల కోసమే ప్రత్యేకంగా రక్షణాధికారిని నియమిస్తోంది. జిల్లా స్థాయి పోటీల్లో అంత యంత్రాంగం అక్కరలేదు. ఏ జట్టుకూ, ఏ సెలక్షన్ కమిటీకీ సంబంధం లేని ఒక మహిళను నియమించి, మొదటిరోజే మైకులో పేరు చెప్పి, పిల్లలందరికీ ముఖం చూపించాలి. మెడలో వేసే గుర్తింపు కార్డు వెనుక ఆమె ఫోన్ నంబరు, బాలల సహాయవాణి 1098 అచ్చు వేయించడానికి అదనంగా అయ్యే ఖర్చు ఎంత?

తిరుపతిలో ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆట ముగిశాక ఇంత దూరం వచ్చాం కదా, స్వామి దర్శనం చేసుకుని వెళ్దామని ప్రతి జట్టుకూ ఉంటుంది. సహజమే. కానీ కార్యక్రమంలో లేని ఆ ప్రయాణంలో తలలు లెక్కపెట్టేది ఎవరు? 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయాక, 15 ఏళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడకదారిలో అనుమతించబోమని టీటీడీ ప్రకటించవలసి వచ్చింది. కొండకు వెళ్లాలంటే ఆ సంగతి కూడా ముందే పట్టికలో రాసి, ఇంట్లోవాళ్లకు తెలియజేసి, తోడు వెళ్లే పెద్దల పేర్లు ఖరారు చేయాలి.

తల్లిదండ్రులకు నాది ఒక విన్నపం. అంగీకార పత్రం మీ చేతికి వచ్చినప్పుడు వెంటనే సంతకం పెట్టకండి. మా అమ్మాయి ఏ గదిలో పడుకుంటుంది, ఆ గది దగ్గర రాత్రి ఏ మేడం ఉంటారు, ఇబ్బంది వస్తే మాకు ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు అని అడగండి. జవాబు ఆ పత్రం మీదే రాసి ఇవ్వమనండి.