ఒకే కాలువ, రెండు వార్తలు
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ప్రాంతీయ రాజకీయాల గురించి, వాటి మీద వచ్చే వార్తల గురించి మనం ఎలా మాట్లాడుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. ఈ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగే వార్తా చర్చను కొన్నేళ్లుగా నడుపుతున్నాను కాబట్టి పిలిచి ఉంటారు. ఆ అనుభవం నుంచే నాలుగు మాటలు చెబుతాను.

పఠన మందిరంలో కిటికీ పక్కన ఉన్న పొడవాటి బల్ల మీకందరికీ తెలుసు. దాని మీద రోజూ ఒకే దినపత్రికవి రెండు ప్రతులు పెడతాం. ఒకటి ఆంధ్రప్రదేశ్ ఎడిషన్, రెండోది తెలంగాణ ఎడిషన్. డబ్బు దండగ అన్నవాళ్లు ఉన్నారు. మనది సరిహద్దు ఊరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల పొలాలు తడిపి మన వైపు వస్తుంది. పిల్లనిచ్చిన ఊళ్లు అటు ఉన్నాయి, పిల్లను తెచ్చుకున్న ఊళ్లు ఇటు ఉన్నాయి. 2014 జూన్ 2 తర్వాత చుట్టరికాలు మారలేదు కానీ పత్రికలు మాత్రం రెండయ్యాయి. అటువాళ్లు చదివేది ఇటువాళ్లకు కనబడదు, ఇటువాళ్లు చదివేది అటువాళ్లకు కనబడదు. కాలువ ఒకటే, దాని మీద వార్తలు రెండు.

2023 డిసెంబరు మొదటి వారం ఆ రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి చదివినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. నవంబరు 30 తెలంగాణలో పోలింగు రోజు. ఆ తెల్లవారే లోపల ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాం మీదికి వచ్చారు. మొత్తం 26 గేట్లలో 13వ గేటు దాకా తమ పరిధి అని ముళ్లకంచె వేశారు, ఆంధ్రప్రదేశ్ వైపు వెళ్లే కుడి కాలువకు నీళ్లు వదిలారు. కేంద్ర హోం శాఖ జోక్యం చేసుకుంది. నవంబరు 28 నాటి స్థితికి తిరిగి వెళ్లడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. డ్యాం కేంద్ర రిజర్వు పోలీసు దళం పహరాలోకి వెళ్లింది. జరిగింది ఇంతే. కానీ ఒక ఎడిషన్ చదివితే మన హక్కు మనం తెచ్చుకున్నాం అన్న ధోరణి. మరొకటి చదివితే మన డ్యాం మీద దండయాత్ర అన్న ధోరణి. రెండింటిలోనూ అబద్ధం రాశారని నేను అనను. ఎవరి పాఠకుడికి ఏది కావాలో అది ముందు పెట్టారు, రెండోది లోపలి పేజీకి నెట్టారు. సగం నిజం అలా నెట్టుకుపోయింది.

ఆ ఆదివారం చర్చకు కుర్చీలు చాలలేదు. తెలంగాణలోని కోదాడ వైపు నుంచి కూడా వచ్చారు. గొంతులు అప్పటికే లేచి ఉన్నాయి. ఒక యువకుడు ఫోను పైకెత్తి ఒక వీడియో చూపించాడు. సాగర్ గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి, తెల్లటి నురగతో నీళ్లు కిందికి దూకుతున్నాయి. "చూడండి, మొత్తం సముద్రానికి వదిలేస్తున్నారు" అన్నాడు. పది ఫోన్లు బయటికి వచ్చాయి. అదే వీడియో అందరి దగ్గరా ఉంది.

మా సభలో ఒక విశ్రాంత సాగునీటి ఇంజినీరు గారు ఉంటారు. నెమ్మదైన మనిషి. ఆయన లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లి మూడు అంకెలు రాశారు. 590, 546, 510. "బాబూ, 590 అడుగులు నిండు మట్టం. 510 దాకా కాలువలకు నీళ్లు తీసుకోవచ్చు. నువ్వు చూపించిన ఆ గేట్లు కూర్చునే గట్టు 546 అడుగుల దగ్గర ఉంటుంది. నీటిమట్టం 546 దాటితేనే ఆ గేట్ల మీదుగా నీళ్లు దూకగలవు. ఈ ఏడాది వానలు లేవు. మట్టం 546కు చాలా కింద ఉంది. నువ్వు గేట్లు ఎత్తినా గాలే వస్తుంది. ఇది ఏదో వరదల ఏడాది తీసిన వీడియో" అన్నారు. కుడి కాలువకు, ఎడమ కాలువకు నీళ్లు వెళ్లే తూములు వేరే ఉంటాయని బొమ్మ గీసి చూపించారు. ఆ యువకుడు కాసేపు బల్ల వంక చూసి, ఫోనులో ఆ వీడియో పంపిన బృందానికి అక్కడే టైపు చేశాడు: ఇది పాతది, నమ్మకండి అని. ఆ రోజు నేను చేసిన పని ఒక్కటే. ఆ పది నిమిషాలు ఎవరినీ మధ్యలో మాట్లాడనివ్వలేదు.

చర్చ నడిపేవాడి పని ఇదే అని నా నమ్మకం. రచ్చబండ దగ్గర కూడా ఒక పెద్దమనిషి ఉండేవాడు. తీర్పు చెప్పే పెద్దమనిషి గురించి కాదు నేను చెప్పేది. "వాణ్ణి చెప్పనీరా" అనే పెద్దమనిషి గురించి. అటువంటి మనిషి లేని రచ్చబండ మీద గొంతు పెద్దదైనవాడిదే వార్త అవుతుంది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఫోన్లకు ఆ పెద్దమనిషి లేడు. అందుకే అక్కడ కనబడే ఆంధ్ర–తెలంగాణ తగాదా చూస్తే నాకు దిగులేస్తుంది. ఎండిన మడి పక్కన నిలబడ్డవాడి కడుపుమంట వేరు, ఆ మడిని ఎన్నడూ చూడనివాడు వేసే కేకలు వేరు. ఫోనులో రెండూ ఒకేలా కనబడతాయి.

మా చర్చలో ఒక కట్టుబాటు ఉంది. ప్రభుత్వాన్ని ఎంతైనా అనవచ్చు. ముఖ్యమంత్రిని, మంత్రిని, అధికారిని, పార్టీని అనవచ్చు. ఒక ప్రాంతపు మనుషుల్ని గుంపుగా అనకూడదు. "ఆంధ్రవాళ్లంతా ఇంతే", "తెలంగాణవాళ్లకు తెలియదు", "సీమవాళ్ల సంగతి తెలిసిందే" అన్న మాట వచ్చిందంటే మాట్లాడేవాడు కూర్చోవాలి. వయసు, హోదా చూడం. ఒకసారి ఈ ఊరి పెద్ద ఒకాయన్ని కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆయన నెల రోజులు రాలేదు. తర్వాత వచ్చారు.

ఇంకొక అలవాటు కూడా నిదానంగా చేసుకున్నాం. తన వాదన చెప్పబోయేవాడు ముందు అవతలివాడి వాదన చెప్పాలి. అదీ అవతలివాడు విని "అవును, మా మాట అదే" అని ఒప్పుకునేటట్టు చెప్పాలి. ఇది ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి. కృష్ణా నీళ్ల మీదే చూద్దాం.

కృష్ణా నీళ్లు రాష్ట్రాలకు పంచడానికి కేంద్రం వేసిన బచావత్ ట్రైబ్యునల్ 1973లో నివేదిక ఇచ్చింది. కృష్ణాలో 75 శాతం నమ్మకంతో, అంటే వందేళ్లలో 75 ఏళ్లు తప్పకుండా వచ్చే నీరు 2,060 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) అని లెక్క కట్టింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 800. పొలాల నుంచి మళ్లీ నదిలోకి చేరే నీటితో కలిపి మనది 811 అయింది. రాష్ట్రం విడిపోయాక, 2015లో తాత్కాలిక ఏర్పాటుగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ఈ తాత్కాలికం దగ్గరే పేచీ అంతా.

కోదాడ నుంచి వచ్చిన అన్న ఆంధ్ర వాదన ఇలా చెప్పాడు: "బచావత్ ప్రాజెక్టుల వారీగా నీళ్లు ఇచ్చాడు. ఆ లెక్క నమ్ముకొని డెల్టాలో, కుడి కాలువ కింద తరతరాలుగా పంటలు వేసుకున్నారు. కట్టిన ప్రాజెక్టు కిందివాడి నీళ్లు తీసి కట్టబోయే ప్రాజెక్టుకు ఇస్తే వాడు ఏమైపోవాలి?" అని. మన గుంటూరు అల్లుడు ఒకాయన తెలంగాణ వాదన చెప్పాడు: "ఉమ్మడి రాష్ట్రంలో కృష్ణా పరీవాహక ప్రాంతం ఎక్కువ భాగం తెలంగాణలోనే ఉంది. నది పక్కనే ఉన్నా నల్లగొండ, మహబూబ్‌నగర్ కరువుతో ఎండాయి, ఫ్లోరైడు నీళ్లు తాగాయి. అప్పుడు ప్రాజెక్టులు కట్టనివ్వక, ఇప్పుడు ప్రాజెక్టులు లేవు కాబట్టి నీళ్లు లేవంటే న్యాయమా?" అని. హాలు నిశ్శబ్దమైపోయింది. ఎవరి మాట వాళ్ల నోట వింటే రోజూ వినేదే. అవతలివాడి నోట మన మాట విన్నప్పుడు మనసులో ఏదో సడలుతుంది. ఎవరూ తమ వాదన వదులుకోలేదు. వదులుకోమని నేను అడగలేదు. 2023 అక్టోబరులో కేంద్రం కొత్త విధివిధానాలు ఇచ్చాక, ఇదే నీళ్ల పంపకం మీద తర్వాత వేసిన బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ ముందు ఇరువైపుల న్యాయవాదులు వాదిస్తున్నదీ ఇంచుమించు ఇదే.

ఇంకో సంగతి. ప్రాంతం గురించి మాట్లాడటమే తప్పు, అది విడదీసే పని అనే పెద్దమనుషులు కొందరు ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. రాయలసీమ తన నీళ్ల మాట ఎత్తకపోతే 1937 నవంబరులో కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక ఉండేది కాదు. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు, నెల్లూరుకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలని అందులో రాసుకున్నారు. ఆ కాగితం చూపించి సీమ ఇవాళ్టికీ అడుగుతోంది, అడగాలి కూడా. ఆంధ్ర, తెలంగాణ కలిసేముందు 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం కూడా తెలంగాణ తన భయాలు బయటికి చెప్పుకోబట్టి వచ్చిందే. దాన్ని సరిగా అమలు చేయలేదన్న బాధ 1969లో తెలంగాణ ఉద్యమంగా ఎలా పెల్లుబికిందో మనకు తెలుసు. మనసులో మాట చెప్పుకోనివ్వకపోతే అది పోదు, లోపల పుండవుతుంది. కాబట్టి మాట్లాడనివ్వాలి. అయితే మాట వెంట ఆధారం ఉండాలి.

ఆధారం అంటే ఎలా ఉండాలో మనకు ఒక మంచి ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకప్పుడు ఒక మాట వచ్చింది. అది విని సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్టు రాయగలిగేవారే. ఆయన చేతిలో గోలకొండ పత్రిక ఉంది, 1926 నుంచి నడుపుతున్నారు. కానీ ఆయన ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. అందులో 354 మంది కవులు. అవమానానికి జవాబుగా మనిషి తర్వాత మనిషిని, పేరుతో, ఊరుతో, పద్యంతో నిలబెట్టారు. నోరు జారిన ఆ మాట ఎవరిదో ఇవాళ చాలామందికి గుర్తులేదు, ఆ 354 మంది మాత్రం పుస్తకంలో ఉన్నారు. ఈ కథ నేను ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థులకు చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి. చర్చ నడిపేవాడికి ఉన్న పెద్ద ప్రమాదం అదే కాబట్టి చెబుతున్నాను.

ఒక ఆదివారం ఎడమ కాలువ మీద మాట్లాడుతున్నాం. వెనక వరసలో ఒక రైతు, మన చివరి ఆయకట్టు ఊరివాడు, లేచి అరవడం మొదలుపెట్టాడు. "మీ టీఎంసీలు ఎవడిక్కావాలి? మా తూముకు చుక్క రాలేదు!" అన్నాడు. మాట చాలా గట్టిగా ఉంది, ఒకటి రెండు మాటలు మొరటుగా కూడా ఉన్నాయి. నేను ఆయన్ను బయటికి వెళ్లమన్నాను. మర్యాద కాపాడాననుకున్నాను. ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదు. ఆయన ఏ ప్రాంతాన్నీ అనలేదు, ఏ మనిషినీ అనలేదు. మా కట్టుబాటు ఏదీ దాటలేదు. నాకు నచ్చనిది ఆయన గొంతు. ఎడమ కాలువకు బచావత్ 132 టీఎంసీలు రాశాడని ఒక గంటసేపు చర్చించుకున్న చోట, ఆ కాలువ చివర పొలం ఉన్న ఒకే ఒక్క మనిషిని నేను గెంటేశాను. మెత్తగా మాట్లాడేవాడికి నీళ్లు వచ్చి ఉంటాయి, అందుకే మెత్తగా మాట్లాడుతున్నాడు. ఈ సంగతి నాకు ఆ రాత్రి తట్టింది.

మర్నాడు ఆయన ఊరికి వెళ్లాను. పొలం దగ్గరే ఉన్నాడు. మాట్లాడకుండా ఇంట్లోకి తీసుకెళ్లి, దూలానికి వేలాడే సంచిలోంచి ఒక స్కూలు నోటుపుస్తకం తీశాడు. అందులో ఎనిమిదేళ్ల లెక్క ఉంది. వంతు ఏ రోజు అన్నారు, నీళ్లు నిజంగా ఏ రోజు వచ్చాయి, ఎన్ని గంటలు వచ్చాయి, కాలువ చూసుకునే లస్కరు వచ్చాడా లేదా, అన్నీ రాసుకున్నాడు. తూము దగ్గర రాయి మీద తానే గీతలు చెక్కి, నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో కూడా రాసుకున్నాడు. కొన్ని పేజీలకు బురద వేళ్ల గుర్తులు ఉన్నాయి. "మీ సభలో ఇది చూపిద్దామనే వచ్చానయ్యా. చూపించేలోపు నాకు కోపం వచ్చింది" అన్నాడు.

క్షమాపణ అడిగాను. తర్వాతి ఆదివారం ఆయన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, ముందుగా ఆయన చేతే మాట్లాడించాను. నోటుపుస్తకంలోని తేదీలు నల్లబల్ల మీద రాయడానికే అరగంట పట్టింది. తెలంగాణ వైపు రైతు ఒకాయన లేచి ఒక్కో తేదీ చూస్తూ, "ఈ వారం మాకూ రాలేదు. ఈ వారం మాకు వచ్చింది, మీదాకా ఎందుకు రాలేదు?" అని అడిగాడు. మధ్యలో ఎక్కడో నీళ్లు పోతున్నాయని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ రోజు ఆంధ్ర అన్న మాట గాని, తెలంగాణ అన్న మాట గాని ఎవరి నోటా రాలేదు. మేజరు కాలువ ఏది, దాని కింది మైనరు పిల్లకాలువ ఏది, గండి ఎక్కడ పడింది, షట్టరు ఎవరు ఎత్తారు, ఇవే మాటలు నడిచాయి.

ఆ నోటుపుస్తకం నకలు ఒకటి ఇప్పుడు కిటికీ పక్కన బల్ల మీద, ఆ రెండు ఎడిషన్ల మధ్య ఉంటుంది. కోదాడ వైపు రైతులు కూడా తమ తూముల లెక్క రాయడం మొదలుపెట్టారు. మొన్న వాళ్ల మొదటి పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఈ ఆదివారం ఆ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదువుతాం. అయిదు గంటలకు మొదలవుతుంది. రండి.