ఏప్రిల్‌లో లెక్సింగ్టన్: గుర్రపు పిల్లల కాలం

[తెర మీద: తెల్లవారుజాము. పలచటి మంచు, ఖాళీ రేసు ట్రాక్. కొన్ని సెకన్లు మాటలు లేవు, చప్పుడు మాత్రమే.]

ఈ చప్పుడు వినండి. గిట్టల దడదడ, దాంతోపాటే బుసలాంటి ఊపిరి. దౌడులో ఉన్న గుర్రం ఒక్కో అంగకు ఒక్కసారి ఊపిరి తీసి వదులుతుంది. అందుకే రెండు చప్పుళ్లూ ఒకే లయలో వస్తాయి. ట్రాక్ రెయిలింగ్ పట్టుకుని నిలబడితే, మంచులో గుర్రం కనిపించకముందే అది దగ్గరికొచ్చేసిందని చెవికి తెలిసిపోతుంది.

ఇది అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్టన్ నగరం. మనం ఉన్నది కీన్‌లాండ్ రేస్ కోర్సులో. ఏప్రిల్ నెల, ఉదయం ఏడు, అప్పుడే పొద్దు పొడుస్తోంది. పొద్దున పూట పందేలు ఉండవు, టికెట్ అక్కర్లేదు. రేసు గుర్రాల రోజువారీ కసరత్తు ఇది. ఎవరైనా వచ్చి చూడొచ్చు.

కెంటకీ అనగానే మనవాళ్లు అడిగేది డెర్బీ అనే పెద్ద గుర్రపు పందెం గురించి. మే నెల మొదటి శనివారం జరిగే ఆ డెర్బీ ఇక్కడ కాదు, దాదాపు 125 కిలోమీటర్ల దూరంలోని లూయివిల్‌లో. అదీ చూడదగ్గదే, కాదనను. కానీ గుర్రాల ఊళ్లో వసంతం చూడాలనుకుంటే మే దాకా ఆగకండి. ఇక్కడ వసంతం అంటే ముందు పురుళ్ల కాలం, రేసులు ఆ తర్వాతే.

[తెర మీద: పచ్చిక బయలు. తల్లి నీడలో పిల్ల. ఒంటికి మించిన పొడుగు కాళ్లు.]

ఆడ గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. ఎక్కువగా రాత్రిపూటే ఈనుతుంది. గంటా రెండు గంటల్లో పిల్ల తనంతట తానే లేచి నిలబడుతుంది. రేసుల్లో పరుగెత్తే ఈ థరోబ్రెడ్ జాతికి ఒక లెక్క ఉంది. ఉత్తరార్ధగోళంలో ఏ నెలలో పుట్టినా సరే, కాగితం మీద ప్రతి గుర్రానికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. మేలో పుట్టిన పిల్ల కూడా ఫిబ్రవరిలో పుట్టినదానితో సమాన వయసు కింద పోటీ పడాలి. అందుకే పెంపకందారులు ఏడాది మొదట్లోనే కాన్పులు అయ్యేలా చూసుకుంటారు. ఏప్రిల్ వచ్చేసరికి నెల పిల్లలు, వారం పిల్లలు, నిన్న రాత్రి పుట్టిన పిల్లలు కూడా పచ్చిక మీద ఉంటాయి. ఉన్నట్టుండి ఒకటి పరుగందుకుంటుంది, పక్కవి దాని వెంట పడతాయి, మళ్లీ అన్నీ తల్లుల దగ్గరికి వచ్చేస్తాయి. కారు పక్కకు ఆపి ఇది చూస్తూ ఉంటే గంట ఎలా గడిచిందో తెలియదు.

ఇదంతా ఇక్కడే ఎందుకు? జవాబు నేల కింద ఉంది. ఇక్కడి సున్నపురాయి సుమారు 45 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నది. అందులోని కాల్షియం, ఫాస్ఫరస్ మట్టిలోకి, నీళ్లలోకి, గడ్డిలోకి చేరతాయి. ఆ గడ్డి తిన్న తల్లి పాలతో పిల్లకు ఎముక గట్టిపడుతుందని ఇక్కడివాళ్లు తరతరాలుగా నమ్ముతూ వచ్చారు. ఆ గడ్డి పేరే బ్లూగ్రాస్. నీలంగా ఉంటుందనుకుని రాకండి, పచ్చగానే ఉంటుంది. కోయకుండా వదిలేస్తే వెన్నులు తీసినప్పుడు కాస్త నీలి ఛాయ కనిపిస్తుంది.

నేల మంచిదైనా ఊరు దాన్ని మింగేయొచ్చు కదా? 3 లక్షల పైచిలుకు జనం ఉన్న నగరం ఇది. అయినా సిటీ మధ్య నుంచి పావుగంట కారులో వెళితే పొలాలే. 1958లోనే ఇక్కడ నగరానికి ఒక హద్దు గీశారు. ఆ గీత దాటి మురుగు కాలువల్లాంటి పట్టణ వసతులు వేయకూడదన్నారు. అమెరికాలో ఇలాంటి హద్దు పెట్టుకున్న మొదటి నగరం ఇదే. 2000 నుంచి ఇంకో అడుగు వేశారు. రైతుకు డబ్బిచ్చి, ఆ భూమిలో ఇళ్ల ప్లాట్లు వేసే హక్కును ప్రభుత్వం కొనేస్తోంది. భూమి రైతుదే, గుర్రాలూ అక్కడే ఉంటాయి. ఊరి చుట్టూ పొలాలన్నీ వెంచర్లయిపోవడం చూస్తూ పెరిగిన నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

[తెర మీద: ఓల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ పైక్. రాతి గోడలు, నల్లటి చెక్క కంచెలు.]

ఓల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ పైక్, పారిస్ పైక్. ఈ రెండు రోడ్లూ గుర్తుపెట్టుకోండి. పక్కన కనిపించే పాత గోడలు సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. కట్టినవాళ్లు ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన మేస్త్రీలు, వాళ్లతోపాటు ఇక్కడి నల్లజాతి బానిసలు. చెక్క కంచెల్లో పలకలు స్తంభాలకు లోపలి వైపు, అంటే గుర్రాల వైపు కొట్టి ఉంటాయి. గుర్రం పరుగులో కంచెకు రాసుకున్నా భుజం స్తంభానికి తగలకూడదని. రెండు మేత బయళ్ల మధ్య జంట కంచె వేసి సందు వదులుతారు. అటూ ఇటూ గుర్రాలు కరుచుకోకుండా, తన్నుకోకుండా ఉండడానికి.

రోడ్డు వెంట గులాబీ, వంకాయ రంగులు కలిసినట్టుండే పూల చెట్టు రెడ్‌బడ్. పనసకాయ మొద్దుకే కాసినట్టు దీని పూలు నేరుగా కొమ్మకే, ఒక్కోసారి మానుకే పూస్తాయి, అదీ ఆకు రాకముందే. దాని తర్వాత తెల్లటి డాగ్‌వుడ్. మనకు కార్తెలు ఉన్నట్టే ఇక్కడి పల్లెవాళ్లకూ వాతావరణానికి పేర్లున్నాయి. వసంతం మధ్యలో హఠాత్తుగా చలి తిరిగొస్తే, అప్పుడు ఏ పువ్వు పూస్తుంటే ఆ పేరు పెడతారు: రెడ్‌బడ్ చలి, డాగ్‌వుడ్ చలి, బ్లాక్‌బెర్రీ చలి. కాబట్టి మధ్యాహ్నం ఎండగా ఉంటుందని స్వెట్టర్ మానేయకండి. గొడుగు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏప్రిల్‌లో వాన మామూలే.

మధ్యాహ్నం రేసులు. కీన్‌లాండ్ 1936లో మొదలైంది. ఏడాదిలో రెండు సీజన్లే: ఏప్రిల్, అక్టోబరు. శనివారాల్లో జనం కిక్కిరిసిపోతారు, టికెట్ ముందే తీసుకోండి. నా మాట వింటే బుధవారమో గురువారమో వెళ్లండి. 1997 వరకు ఇక్కడ రేసుకు మైకులో కామెంటరీయే లేదు. పందెం కాయకపోయినా నష్టం లేదు. రేసుకు ముందు గుర్రాలను తిప్పే ప్యాడాక్ దగ్గర నిలబడితే జీను బిగించడం, జాకీని పైకెక్కించడం అన్నీ నాలుగడుగుల దూరంలో చూడొచ్చు. తిండికి బర్గూ అనే చిక్కటి కూర ఉంటుంది, అందులో మాంసం ఉంటుంది, శాకాహారులు చూసుకోండి. బ్రెడ్ పుడింగ్ మీద పోసే సాస్‌లో బర్బన్ విస్కీ ఉంటుంది, అదీ తెలిసి తినండి.

హైదరాబాద్ మలక్‌పేట రేసులు చూసినవాళ్లకు ఒక మాట. అక్కడ పరుగెత్తే గుర్రాలూ ఇవీ ఒకే జాతి. మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌కు తెచ్చిన మూడు మగ గుర్రాలే వీటన్నిటికీ తండ్రివైపు మూలం.

[తెర మీద: ఐజాక్ మర్ఫీ సమాధి.]

ఒక మధ్యాహ్నం మాత్రం రేసులు వదిలేసి కెంటకీ హార్స్ పార్క్‌కు వెళ్లండి. 21 రేసుల్లో 20 గెలిచిన మ్యాన్ ఓ వార్ అనే గుర్రం సమాధి అక్కడుంది. అందరూ దాని విగ్రహం దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు ఇంకాస్త ఆగి పక్కనే ఉన్న ఐజాక్ మర్ఫీ సమాధి చూడండి. 1884, 1890, 1891లలో డెర్బీ గెలిచిన నల్లజాతి జాకీ ఆయన. 1875లో జరిగిన మొట్టమొదటి డెర్బీలో 15 మంది జాకీల్లో 13 మంది నల్లజాతివాళ్లే. తర్వాతి దశాబ్దాల్లో జాతి వివక్ష వాళ్లను ఈ ఆట నుంచి తరిమేసింది. ఊళ్లో ఆఫ్రికన్ సిమెటరీ నంబర్ 2 అనే శ్మశానం ఉంది. ఆ తరం జాకీలు, ట్రైనర్లు, గుర్రాలను సాకినవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు. టూరిస్టులు పెద్దగా వెళ్లరు. మీరు వెళ్లండి.

ఇక గుర్రాలను పెంచే ఫారాలు. చాలావరకు ప్రైవేటు ఆస్తులు, గేటు తీసి ఉందని లోపలికి వెళ్లకూడదు. టూర్లు ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి, ఏప్రిల్‌కైతే వారాల ముందే. బురదకు తట్టుకునే బూట్లు వేసుకోండి. కంచె మీంచి చెయ్యి చాపి ఏమీ తినిపించకండి. పిల్ల దగ్గరికొస్తే తల్లి చెవులు చూడండి. వెనక్కి అణిగాయంటే అది బెదిరిస్తోందని అర్థం, రెండడుగులు వెనక్కి వేయండి. చెవులు నిక్కబొడుచుకుని మీ వైపే ఉంటే కదలకుండా ఉండండి. ఒక్కోసారి ఆ పిల్లే కంచె దాకా వచ్చి, మీ చొక్కా అంచు వాసన చూసి వెళుతుంది.