శరణార్థి కథలో ఎవరు మాట్లాడతారు, ఎవరితో?

(స్క్రీన్ మీద: ఎడారి రోడ్డు, ఒక వాటర్ ట్యాంకర్)

ముగ్గురు పాలస్తీనా మనుషులు ఖాళీ వాటర్ ట్యాంకర్‌లో దాక్కుని, మండే ఆగస్టు ఎండలో, బస్రా నుంచి కువైట్‌కి పని వెతుక్కుంటూ వెళ్తున్నారు. సరిహద్దు ఆఫీసులో డ్రైవర్‌ని కూర్చోబెట్టి, బస్రాలో ఎవరో డాన్సర్‌తో నీకేదో ఉందటగా అని ఆటపట్టిస్తారు. ఆ కబుర్లు తెమిలేలోపు ట్యాంకర్‌లో ముగ్గురూ చనిపోతారు. అప్పుడు డ్రైవర్ అడిగేది ఒక్కటే: లోపలి నుంచి ఎందుకు కొట్టలేదు?

ఇది 1963లో పాలస్తీనా రచయిత గస్సాన్ కనఫానీ రాసిన చిన్న నవల 'మెన్ ఇన్ ద సన్'. 1972లో 'ద డ్యూప్స్' పేరుతో సినిమాగా తీసినప్పుడు దర్శకుడు తౌఫీక్ సాలెహ్ ఇక్కడే మార్చాడు. సినిమాలో వాళ్ళు కొడతారు, బయటివాళ్ళకే వినబడదు. కథ అదే, కానీ తప్పు ఎవరిదన్నది పూర్తిగా అటు నుంచి ఇటు మారిపోయింది, చూశారా?

శరణార్థుల గురించి రాసినవాళ్ళని పోల్చేటప్పుడు ఎవరు ఎక్కువ ఏడిపించారు అని చూస్తుంటాం. నాకు ఆ లెక్క పెద్దగా పనికిరాదు. ఈ కథలో మాట్లాడేదెవరు, వినేదెవరు అని చూస్తే తేడాలు బాగా తెలుస్తాయి.

(స్క్రీన్ మీద: ఎయిర్‌పోర్ట్ కౌంటర్)

జాంజిబార్‌లో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడ్డ అబ్దుల్‌రజాక్ గుర్నా, 2021 సాహిత్య నోబెల్ ఆయనకే వచ్చింది. ఆయన నవల 'బై ద సీ' (2001)లో సాలెహ్ ఒమర్ అనే పెద్దాయన వేరేవాళ్ళ పేరున్న పాస్‌పోర్టుతో లండన్ గాట్విక్‌లో దిగుతాడు. ఇంగ్లిష్ వచ్చు, కానీ రానట్టు నటిస్తాడు, అలా చెయ్యమని ఎవరో సలహా ఇచ్చారు. శరణార్థుల హక్కుల మీద దేశాలు చేసుకున్న 1951 ఒప్పందం ప్రకారం ఆశ్రయం కావాలంటే తన భయానికి తగిన కారణం ఉందని చూపించాలి, అంటే బతుకంతా ఒక ఆఫీసర్ ముందు పరవాలి. ఈయన నోరు విప్పడు. ఆ ఆఫీసర్ ఆయన తెచ్చుకున్న అగరు ధూపం పెట్టె కూడా తీసేసుకుంటాడు (ఆ ఆఫీసర్ తల్లిదండ్రులు కూడా రొమేనియా నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ళే, గుర్నా ఆ సంగతి వదిలిపెట్టడు). అసలు కథ తర్వాత, నిదానంగా, ఆ పాస్‌పోర్టు మీద ఎవరి పేరుందో ఆ మనిషి కొడుకుతోనే చెప్పుకుంటాడు. ఆఫీసర్‌కి దక్కనిది మనకి దక్కుతుంది. నేను ఇక్కడ చెప్పే నాలుగు పుస్తకాల్లో నా దృష్టిలో గొప్పది ఇదే.

పాకిస్తానీ రచయిత మొహ్సిన్ హమీద్ తన నవల 'ఎగ్జిట్ వెస్ట్' (2017)లో ప్రయాణాన్నే ఎగరగొట్టేశాడు. నల్లటి తలుపులోంచి దూరితే ఇంకో దేశంలో తేలతారు, అంతే. పడవలూ దళారులూ లేకుండా ఇదేం కథ అని కోపం రావచ్చు, నాకూ కొంచెం వచ్చింది. కానీ అలా మిగిలిన చోటంతా సయీద్, నాదియాల మధ్య ప్రేమ మెల్లగా చల్లారిపోవడానికి ఇచ్చాడు. వార్తల్లో అది ఎప్పుడైనా చూశామా?

ఇక బెహ్రూజ్ బూచానీది కల్పన కాదు. ఆశ్రయం కోరి వచ్చిన ఈ ఇరాన్ కుర్దిష్ జర్నలిస్టుని ఆస్ట్రేలియా పాపువా న్యూగినీలోని మానుస్ ద్వీపంలో నిర్బంధించింది, అక్కడినుంచే ఫోన్‌లో ఫార్సీ మెసేజ్‌లుగా పంపుతూ పుస్తకం రాశాడు. 'నో ఫ్రెండ్ బట్ ద మౌంటెన్స్' 2018లో వచ్చింది, 2019 జనవరిలో ఆస్ట్రేలియాలోనే విక్టోరియన్ ప్రైజ్ అనే సాహిత్య బహుమతి గెలిచింది, అప్పటికీ ఆయన మానుస్‌లోనే ఉన్నాడు. జాలి పుట్టించాలన్న తొందరేమీ ఉండదు ఇందులో. అన్నం క్యూ ఎలా నడుస్తుంది, ఎవరు ఎప్పుడూ ముందుంటారు, ఆ క్యూతోనే మనుషుల్ని ఎలా లొంగదీస్తారు అని జైలు పనితీరు విప్పి చూపిస్తాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కనఫానీతో మొదలుపెట్టండి, చాలా చిన్నది, ఒక్క పూటలో అయిపోతుంది. గుర్నాకి మాత్రం కాస్త ఓపిక కావాలి.