బెండు ముక్క నుంచి పారాచూట్ దాకా: చిన్న విమానాల మీద స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఇవాళ వందల మందిని మోసే పెద్ద విమానాల జోలికి పోవడం లేదు. ఇద్దరో నలుగురో కూర్చునే, ముందు ఒక్క ప్రొపెల్లర్ తిరిగే బుల్లి విమానాలు, వాటిని ఎవరు చేశారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు దివాలా తీశారు, అదే కబురు. మనతో ముగ్గురున్నారు. ఏళ్ల తరబడి ఫ్లయింగ్ నేర్పుతున్న ఇన్‌స్ట్రక్టర్ గారు, ఈ విమానాల ఇంజిన్లు విప్పి బిగించే మెయింటెనెన్స్ ఇంజనీర్ గారు, విమాన చరిత్ర రాసే రచయిత్రి గారు. మేడమ్, రైట్ సోదరులు 1903లో ఎగిరారు కదా, అక్కడి నుంచి మొదలెడదామా?

రచయిత్రి: అక్కడ మొదలెడితే టైమంతా వాళ్లకే సరిపోతుందండీ. సొంతానికి ఓ చిన్న విమానం ఉండాలన్న ఊహ మాత్రం శాంటోస్ డ్యూమాంట్‌ది అంటాను నేను. బ్రెజిల్ మనిషి, పారిస్‌లో ఉండేవాడు. 1907 నుంచి 1909 మధ్యలో వెదురు బొంగులూ గుడ్డా కలిపి డెమాయిజెల్ అని ఒకటి చేశాడు, పేటెంట్ గొడవ పెట్టుకోకుండా కావాలంటే మీరూ చేసుకోండి అని ప్లాన్లు వదిలేశాడు. కానీ మామూలు మనిషి కొనుక్కుని వాడుకున్న మొదటి విమానం ఏదంటే, నా లెక్కలో 1925లో ఇంగ్లండ్‌లో ఎగిరిన డి హావిలాండ్ మాత్. రెక్కలు వెనక్కి మడిచేయొచ్చు, కారు వెనక కట్టి లాక్కుపోవచ్చు, షెడ్డులో పెట్టుకోవచ్చు. 1930లో ఆమీ జాన్సన్ ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా దాకా ఒంటరిగా వెళ్లింది కూడా ఆ మాత్‌లోనే ఒక రకమైన జిప్సీ మాత్, అదీ సెకండ్ హ్యాండ్‌ది, దాని మీదే.

ఇంజనీర్: మేడమ్, ఒక్క నిమిషం. మాత్ ఇంజిన్ సంగతి చెప్పకుండా ముందుకెళ్తే ఎలా? కిటుకంతా అక్కడే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక ఎనిమిది సిలిండర్ల రెనో ఇంజిన్లు బోలెడు మిగిలిపోయాయి, ఇటు నాలుగు అటు నాలుగు సిలిండర్లు. ఫ్రాంక్ హాల్ఫర్డ్ అనే డిజైనర్ అందులో ఒక పక్క నాలుగూ తీసుకుని కొత్త క్రాంక్‌కేస్ మీద కూర్చోబెట్టాడు. అంతే, 60 హార్స్‌పవర్ ఇంజిన్, చవగ్గా. దానికి సిర్రస్ అని పేరు పెట్టారు. ఇప్పటి సిర్రస్ విమానాల కంపెనీకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, చాలామంది కలిపేస్తుంటారు.

యాంకర్: అంటే పాత సామాను సగానికి చేసి కొత్త వ్యాపారం పెట్టారన్నమాట.

ఇంజనీర్: మా రంగంలో అది అవమానమేం కాదు సార్. (నవ్వులు)

యాంకర్: సరే, ఇన్‌స్ట్రక్టర్ గారూ, ఆ పసుపు విమానం. పైపర్ కబ్. మీరు నడిపారా?

ఇన్‌స్ట్రక్టర్: నడిపాను, నేర్పాను కూడా. ఒంటరిగా ఎగిరేటప్పుడు వెనక సీట్లో కూర్చోవాలి, లేకపోతే బరువు కుదరదు. ముందు ఏముందో సరిగ్గా కనబడదు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, సెల్ఫ్ స్టార్టర్ లేదు, ఒకళ్లు ముందు నిలబడి ప్రొపెల్లర్ చేత్తో లాగి తిప్పాలి. మొదటిసారి లాగినప్పుడు నాకు చెమటలు పట్టాయి, ఇప్పటికీ ఆ పని తేలిగ్గా తీసుకోను. ఇక పెట్రోలు ఎంత ఉందో చూపించే మీటరు ఉందే, అది చూస్తే నవ్వొస్తుంది. ముందు అద్దానికి అవతల ట్యాంకు మూత, ఆ మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన ఓ తీగ. ఆ తీగ కింది కొసకి బెండు ముక్క. పెట్రోలు తగ్గేకొద్దీ బెండు దిగుతుంది, తీగ పొట్టిదవుతూ వస్తుంది. తీగ మూతకి ఆనిందంటే మీరు ఈపాటికి ఎక్కడో దిగి ఉండాల్సింది.

యాంకర్: మరి దీన్ని జనం ఎగబడి కొన్నారా?

రచయిత్రి: ధర! 1938లో వచ్చిన జే-3 కబ్ వెయ్యి డాలర్ల పైచిలుకు, అంతే. 1947 దాకా దాదాపు 20 వేలు చేశారు, యుద్ధంలో సైన్యానికి చేసినవీ కలుపుకుని. దీని వెనక కథ ఇంకా బాగుంటుంది. అసలు డిజైన్ సి.జి. టేలర్‌ది, పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫోర్డ్‌లో. మొదట బిగించిన 20 హార్స్‌పవర్ ఇంజిన్ పేరు టైగర్ కిట్టెన్, అంటే పులి కూన. ఇంజిన్ కూనైతే విమానం కూడా కబ్, అంటే కూనే అవ్వాలి కదా అని కంపెనీ లెక్కలు చూసే ఆయన అన్నాడట, ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆ కూన మాత్రం విమానాన్ని నేల మీంచి లేపడానికే ఆపసోపాలు పడింది. కంపెనీ దివాలా తీసింది. అప్పుడు విలియం పైపర్ అనే చమురు బావుల వ్యాపారి ఆస్తులన్నీ 761 డాలర్లకి కొనేశాడు. టేలర్‌ని పనిలోనే ఉంచాడు గానీ ఇద్దరికీ పడలేదు, టేలర్ 1935లో బయటికెళ్లి టేలర్‌క్రాఫ్ట్ పెట్టుకున్నాడు. 1937లో ఫ్యాక్టరీ కాలిపోయింది, పైపర్ మకాం లాక్ హేవన్ ఊరికి మార్చాడు. లెక్కల మనిషి.

ఇంజనీర్: పైపర్‌ది అదృష్టం కూడా సార్. సరిగ్గా ఆ టైముకి కాంటినెంటల్ వాళ్ల ఏ-40 ఇంజిన్ వచ్చింది. సిలిండర్లు అటు రెండు ఇటు రెండు పడుకోబెట్టి, గాలితో చల్లబడేలా చేసిన ఇంజిన్. ఇవాళ్టికీ ఎక్కువ చిన్న విమానాల్లో అదే పొందిక. అది రాకపోతే కబ్ లేదు.

రచయిత్రి: కాదనను. కానీ నేను ఎప్పట్నుంచో అనే మాట ఒకటుంది. ఈ రంగంలో బాగా అమ్ముడుపోయిన విమానం ఏదైనా తీసుకోండి, అందరికంటే వేగంగా వెళ్లి అమ్ముడుపోలేదు, ఎగరాలనుకున్న మనిషికి అడ్డొస్తున్న ఒక ఇబ్బందిని తీసేసి అమ్ముడుపోయింది. మాత్ ఎక్కడ పెట్టుకోవాలన్న బెంగ తీసేసింది, కబ్ ధర తగ్గించింది.

ఇన్‌స్ట్రక్టర్: మరి బొనాంజా? బీచ్ బొనాంజా వేగంతోనే కదా అమ్ముడుపోయింది? 1945 డిసెంబర్‌లో మొదటిసారి ఎగిరింది, 1947 నుంచి ఏదో ఒక రూపంలో చేస్తూనే వచ్చారు. తోక వి ఆకారంలో, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, అప్పట్లో చూస్తే కళ్లు తిప్పుకోలేరు. డబ్బున్న డాక్టర్లు కొనుక్కుని, విమానం వేగానికి వాళ్ల అనుభవం చాలక ప్రమాదాలు చేసుకున్నారని దానికి చెడ్డ ముద్దుపేరు కూడా పడింది.

రచయిత్రి: సరే, బొనాంజాని మినహాయించండి. ఒకటి మీకు వదిలేస్తున్నా.

యాంకర్: బీచ్ అనగానే గుర్తొచ్చింది, కాన్సస్‌లోని విచిటా. అందరూ ఆ ఊళ్లోనే ఎందుకున్నారు?

రచయిత్రి: ఒకప్పుడు అందరూ ఒకే కంపెనీలో ఉన్నారు గనక. 1925లో ట్రావెల్ ఎయిర్ అని పెట్టింది ఎవరనుకున్నారు? వాల్టర్ బీచ్, క్లయిడ్ సెస్నా, లాయిడ్ స్టియర్‌మన్. ముగ్గురూ విడిపోయి ఎవరి పేరుతో వాళ్లు దుకాణం పెట్టారు. సెస్నాకి అసలు తగాదా రెక్కల దగ్గర. రెక్కలు ఒకే అంతస్తుగా ఉండే విమానమే మంచిదని ఆయన, ఒకదాని మీద ఒకటి రెండు అంతస్తులుంటేనే నయమని మిగతావాళ్లు. 1927లో వేరుపడ్డాడు. ఆర్థిక మాంద్యంలో ఫ్యాక్టరీ మూతపడితే, 1934లో ఆయన మేనల్లుడు డ్వేన్ వాలెస్ మళ్లీ తెరిపించాడు. ఈ కంపెనీని నిజంగా పెద్దది చేసింది ఆ మేనల్లుడే.

యాంకర్: ఇక సెస్నా 172. 44 వేలకు పైగా చేశారట?

ఇన్‌స్ట్రక్టర్: అవును, ప్రపంచంలో ఇన్ని చేసిన విమానం ఇంకోటి లేదు. 1955లో మొదటిసారి ఎగిరింది. సెస్నా 170 అని దీనికి అన్నలాంటిది ఒకటుండేది, దానికి తోక చక్రం. ఆ తోక చక్రం తీసేసి ముక్కు కింద చక్రం పెట్టారు, ప్రధానమైన మార్పు అదే. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ తోక చక్రం విమానంలో బరువు ప్రధాన చక్రాల వెనక ఉంటుంది, దిగేటప్పుడు కాస్త వంకరగా తాకితే చాలు, తోక ముందుకొచ్చేయాలని చూస్తుంది, విమానం గిర్రున తిరిగిపోతుంది. తోపుడు బండిని వెనక నుంచి తోస్తే పక్కకి లాగేస్తుంది చూడండి, అదే ముందు నుంచి లాగితే బుద్ధిగా వెంటొస్తుంది, అలాగన్నమాట. ముక్కు చక్రం పెడితే బరువు ముందుకొస్తుంది, వంకరగా దిగినా అదే సర్దుకుంటుంది. నా స్టూడెంట్లలో ఒకబ్బాయి మొదటి రోజుల్లో మూడుసార్లు ఎగిరెగిరి పడి దిగాడు, విమానానికి ఏం కాలేదు, నాకే నడుం పట్టేసింది.

రచయిత్రి: చూశారా, అడ్డు తీసేయడమే. ఈసారి ల్యాండింగ్ భయం.

ఇన్‌స్ట్రక్టర్: (నవ్వుతూ) ఒప్పుకుంటా. గట్టితనం సంగతి కూడా చెప్పాలి. 1958 డిసెంబర్ 4న లాస్ వేగస్‌లో ఇద్దరు, రాబర్ట్ టిమ్, జాన్ కుక్, ఒక 172 ఎక్కి 64 రోజుల పైచిలుకు కిందికి దిగలేదు. ఎడారి రోడ్డు మీద ట్రక్కు పరిగెడుతుంటే దాని మీదుగా తక్కువ ఎత్తులో ఎగురుతూ గొట్టంతో పెట్రోలు పైకి తోడుకునేవాళ్లు. 1987లో మాథియాస్ రస్ట్ అనే జర్మన్ కుర్రాడు, ఇంకా 19 కూడా నిండలేదు, అద్దె 172లో హెల్సింకి నుంచి బయల్దేరి మాస్కోలో రెడ్ స్క్వేర్ పక్కన దించాడు, సోవియట్ రక్షణ మంత్రి పదవే పోయింది.

యాంకర్: ఇంత బాగుంటే మరి కార్లలాగా ఇంటింటికీ విమానం ఎందుకు రాలేదు?

రచయిత్రి: వస్తుందనే అనుకున్నారండీ. యుద్ధం అయిపోయాక 1946లో అమెరికాలో ఒక్క ఏడాదిలో 30 వేలకు పైగా చిన్న విమానాలు చేశారు. ఎర్‌కూప్ అని, కాళ్ల కింద తోక చుక్కానిని తిప్పే రడ్డర్ పెడళ్లే లేకుండా, కారులాగా స్టీరింగుతో నడిచే విమానాన్ని డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పెట్టి అమ్మారు! మరుసటి ఏడాదికి అమ్మకాలు సగానికి పడిపోయాయి. మబ్బు పడితే ఎగరలేరు, దిగిన చోట మళ్లీ బండి వెతుక్కోవాలి. ఎర్‌కూప్ డిజైనర్ ఫ్రెడ్ వీక్ మాత్రం ఊరుకోలేదు, తర్వాత పైపర్‌లో చేరి మరో ఇద్దరితో కలిసి చెరోకీ అనే విమానానికి రూపమిచ్చాడు. రెక్కలు కింది భాగంలో ఉండే పైపర్ శిక్షణ విమానాలు చాలావరకు దాని సంతానమే.

యాంకర్: తర్వాత 1980ల్లో అంతా కుప్పకూలింది. ఎందుకు?

ఇంజనీర్: కోర్టు కేసులు సార్. 1978లో అమెరికన్ కంపెనీలు ఏడాదికి 17 వేలకు పైగా చేసేవి, 1994కి వెయ్యి కూడా లేవు. ముప్పై ఏళ్ల పాత విమానం కూలినా చేసిన కంపెనీ మీదే దావా, ఇన్సూరెన్స్ ఖర్చు విమానం ధరలోకి ఎక్కింది. సెస్నా 1986లో చిన్న విమానాలు ఆపేసింది, పైపర్ 1991లో దివాలా. 1994లో చట్టం తెచ్చారు, విమానం 18 ఏళ్లు దాటితే తయారీదారు మీద కేసు చెల్లదని, కొన్ని మినహాయింపులతో. ఆ తర్వాతే సెస్నా మళ్లీ 172 మొదలెట్టింది.

రచయిత్రి: మొత్తం లాయర్ల మీదకి నెట్టేయకండి. పెట్రోలు, వడ్డీ రేట్లు, ఇవన్నీ ఉన్నాయి. ఇంకోటి, పాత విమానాలు చావవు. 1970ల నాటి 172 ఇవాళ కూడా ఎగురుతోంది. కొత్తదానికి పోటీ పాతదే.

ఇంజనీర్: చావనివ్వకుండా చూసేది మేమే మరి.

యాంకర్: ఇక సిర్రస్. పారాచూట్ విమానం.

ఇన్‌స్ట్రక్టర్: అలన్, డేల్ క్లాప్‌మయర్ అన్నదమ్ములు. విస్కాన్సిన్‌లో ఒక పశువుల కొట్టంలో మొదలెట్టారు. 1985లో అలన్ నడుపుతున్న విమానాన్ని గాల్లో ఇంకో విమానం గుద్దింది, రెక్క దెబ్బతిన్నా ఈయన ఎలాగో దించాడు, అవతలి పైలట్ బతకలేదు. విమానం మొత్తాన్నీ కిందికి దించే పారాచూట్ పెట్టాలన్న పట్టుదల అప్పట్నుంచే. ఎస్‌ఆర్20కి 1998లో అనుమతి వచ్చింది, తర్వాత ఎస్‌ఆర్22. పైన ఎర్ర హ్యాండిల్ లాగితే రాకెట్ పేలి పారాచూట్ బయటికొస్తుంది. 200 మందికి పైగా బతికి బయటపడ్డారు. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చోవడానికి ఒప్పుకునేది దీని వల్లే. పాతకాలం ఇన్‌స్ట్రక్టర్ని కదా, మొదట్లో నాకు నచ్చలేదు, విమానం నడపడం రానివాళ్లు లాగే తాడు అనుకునేవాణ్ని. తొలి ఏళ్లలో దాని ప్రమాదాల లెక్క ఏమంత గొప్పగా లేదు కూడా. హ్యాండిల్ ఉండి కూడా లాగలేదు జనం! ఎప్పుడు లాగాలో శిక్షణలో గట్టిగా చెప్పడం మొదలెట్టాక లెక్క మారింది.

యాంకర్: టైమ్ తక్కువుంది. ఇప్పుడు పెద్ద కంపెనీలు ఎవరు?

రచయిత్రి: పేర్లు చాలా, యజమానులు తక్కువ. సెస్నా, బీచ్‌క్రాఫ్ట్ రెండూ టెక్స్‌ట్రాన్ అనే అమెరికన్ సంస్థ చేతిలో, లైకమింగ్ ఇంజిన్లు కూడా వాళ్లవే. సిర్రస్, కాంటినెంటల్ ఇంజిన్లు 2011లో చైనా ప్రభుత్వ సంస్థ ఏవిక్ కిందికి వెళ్లాయి. ఆస్ట్రియాలో పుట్టిన డైమండ్‌ది కూడా 2017 నుంచి చైనా యాజమాన్యమే. ఇటలీలో టెక్నామ్, పాస్కాలే సోదరులు పెట్టింది. స్లొవేనియాలో పిపిస్ట్రెల్, అంటే గబ్బిలం. యుగోస్లావియా రోజుల్లో చాటుమాటుగా, చీకటి పడే వేళ గాల్లోకి లేచేవాళ్లు, ఆ పేరు అలా వచ్చింది. 2020లో ప్రపంచంలో మొదటిసారి పూర్తి సర్టిఫికెట్ వచ్చిన ఎలక్ట్రిక్ విమానం వాళ్ల వెలిస్ ఎలక్ట్రో. 2022లో ఆ కంపెనీనీ టెక్స్‌ట్రానే కొనేసింది.

యాంకర్: ఇంజనీర్ గారూ, ఎలక్ట్రిక్ వస్తే మీ పని పోతుందా?

ఇంజనీర్: ఇప్పట్లో పోదు సార్. వెలిస్ గాల్లో ఉండేది సుమారు 50 నిమిషాలు. రన్‌వే చుట్టూ తిరిగి ల్యాండింగులు నేర్చుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది, ఊరు దాటి వెళ్లాలంటే కష్టం. మా పాత లైకమింగ్‌ని చూసి నవ్వుతారు గానీ, రెండు వేల గంటలు నడిచాకే ఓవర్‌హాల్‌కి వస్తుంది, విమానంలో కరెంటంతా పోయినా మ్యాగ్నెటోలతో, అంటే ఇంజిన్ తిరుగుడుతోనే నిప్పురవ్వ పుట్టించే పరికరాలతో, తిరుగుతూనే ఉంటుంది. ఒక్కటి మాత్రం సిగ్గుపడాల్సిందే, కార్లలో ఎప్పుడో తీసేసిన సీసం మా పెట్రోలులో ఇంకా ఉంది.

యాంకర్: ఆఖరి ప్రశ్న, ఇన్‌స్ట్రక్టర్ గారికి. కొత్త విమానాల్లో అన్నీ స్క్రీన్లే కదా, పెట్రోలు ఎంతుందో కచ్చితంగా తెలుస్తుందిగా?

ఇన్‌స్ట్రక్టర్: స్క్రీన్ చూపిస్తుంది. నేనైతే మా స్టూడెంట్ని నిచ్చెనెక్కించి, ట్యాంకు మూత తీయించి, లోపలికి పుల్ల ముంచి ఎంత తడిసిందో చూడమంటాను. తర్వాత కింద వాల్వు దగ్గర గాజు కప్పులో కాస్త పెట్రోలు పట్టిస్తాను, నీలం రంగులో ఉంటుంది, అడుగున నీటి బొట్టు కనబడితే మళ్లీ పట్టాలి. మొన్న ఒకమ్మాయి అడిగింది, సార్, ఇంత స్క్రీన్ పెట్టుకుని పుల్లతో చూడటమేంటని. కబ్ ఎక్కించి ఆ బెండు ముక్క చూపించాను. ఇప్పుడు చెప్పకుండానే నిచ్చెన తెచ్చుకుంటోంది.