గాలి తలుపు దగ్గర పసివాళ్లు

శ్రోతలకు నమస్కారం.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, బ్లేనావన్ అనే ఊళ్లో, బిగ్ పిట్ అనే పాత బొగ్గుగని ఉంది. 1980లో బొగ్గు తీయడం ఆగిపోయిన ఈ గనిని 1983లో సందర్శకుల కోసం తెరిచారు; ఇప్పుడది జాతీయ బొగ్గు మ్యూజియం. మీటరు ఎత్తు పెరిగిన పిల్లలెవరైనా పెద్దల వెంట కేజ్ (గని లిఫ్టు) ఎక్కి, 90 మీటర్ల లోతుకు దిగవచ్చు.

దిగబోయే ముందు ఫోను, చేతి గడియారం, అగ్గిపెట్టె వంటివన్నీ పైనే అప్పగించాలి, ఎందుకంటే గనిలో మీథేన్ వాయువు చేరిన చోట చిన్న నిప్పురవ్వ పడినా పేలుడు జరుగుతుంది. నెత్తిన హెల్మెట్, దానికి దీపం, నడుముకు బ్యాటరీ, ప్రమాద సమయంలో ఊపిరికి సాయపడే సెల్ఫ్ రెస్క్యూయర్ తగిలించుకుని, ఒకప్పుడు గనుల్లో పనిచేసిన గైడ్ వెంట పిల్లలు నడుస్తారు. గుర్రాలను కట్టేసిన కొట్టాలు, వాటి పేర్లు రాసిన పలకలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

వాటికన్నా పిల్లలు తప్పక చూడవలసినది గాలి తలుపు. గనిలోకి ఒక దారిన వచ్చిన గాలి దగ్గరి దారిన బయటికి పోకుండా, బొగ్గు తవ్వే చోటి దాకా వెళ్లాలంటే మధ్య దారులకు తలుపులు ఉండాలి. బొగ్గు టబ్బు, అంటే బొగ్గు మోసే చిన్న బండి, వచ్చినప్పుడు తలుపు తీయాలి, అది దాటిన వెంటనే మూయాలి. ఏమరుపాటున తెరిచి వదిలేస్తే లోపల గ్యాస్ పేరుకుంటుంది. ఇంతమంది ప్రాణాలు ఆధారపడిన ఆ పనికి, పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో, అయిదారేళ్ల పసివాళ్లను పెట్టేవారు. తలుపుకు కట్టిన తాడు పట్టుకుని, చాలాసార్లు దీపమైనా లేకుండా, పన్నెండు గంటల దాకా వాళ్లు అక్కడే కూర్చునేవారు. ఆ చీకటి ఎలాంటిదో తెలియాలని గైడ్ అందరి దీపాలనూ ఆర్పమంటాడు. పిల్లలను గనిలోకి తీసుకెళ్లడానికి ఆ కొద్ది క్షణాలే తగిన కారణమని నా అభిప్రాయం.

1838 జులైలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఉన్న హస్కర్ గనిలోకి, భారీ వర్షానికి పొంగిన వాగు చొచ్చుకువచ్చింది. బయటపడబోయిన పిల్లలను ఆ వరద వెనక్కి తోసి, వాళ్లు అప్పుడే దాటివచ్చిన గాలి తలుపుకే అదిమేసింది. 26 మంది మునిగి చనిపోయారు. ఆ తరువాత విచారణ సంఘం ఏర్పడింది, దాని నివేదిక దేశాన్ని కదిలించింది. 1842 చట్టం ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను భూగర్భంలో పనికి పెట్టడాన్ని నిషేధించింది. పదేళ్లు నిండిన పిల్లవాడిని గనిలో పనికి పెట్టడాన్ని మాత్రం ఆ చట్టం ఆపలేదు.

మన ఇల్లందులో 1889లోనే బొగ్గు తవ్వకం మొదలైంది. పని జరుగుతున్న బాయిలోకి, అంటే బొగ్గుగనిలోకి, పిల్లలు దిగే వీలు లేదు, ఉండకూడదు కూడా. అయినా తండ్రి ఏ షిఫ్టుకు వెళ్లాడో, ఏ సైరన్‌కు తిరిగివస్తాడో తెలిసిన కోల్‌బెల్ట్ (బొగ్గుగనుల ప్రాంతం) పిల్లలకు ఆయన పనిచేసే చోటు ఎలా ఉంటుందో తెలుసుకునే హక్కు ఉంది. మూతపడిన భూగర్భ బాయిల్లో ఒక్కదానినైనా నిపుణులు పరీక్షించి, గాలి, పైకప్పు, నీటి తోడకం అన్నీ భద్రంగా అమర్చి, రిటైరైన కార్మికులనే గైడ్లుగా నియమించి, బడిపిల్లల కోసం తెరవాలని కోరుతున్నాను.