సంక్రాంతికి కొత్త మనవరాలు వస్తోంది, కాస్త ఆగండి

నమస్కారమండీ. ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువగా మన గోదావరి జిల్లాల్లో ఉన్న నాయనమ్మలు, తాతయ్యలు, పిన్నులు, బాబాయిలతో. అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకి కూడా మధ్యలో స్కూలు సంగతి ఒకటి ఉంది. అది మాత్రం దాటేయకుండా వినండి.

మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. అన్నయ్య, వదిన మన ఆంధ్రాలోనే ఒక పిల్లల హోమ్ నుంచి పదమూడేళ్ల అమ్మాయిని దత్తత తీసుకున్నారు. వాళ్లకి అప్పటికే తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. అమ్మాయి అక్కడికి వెళ్లి ఏడాది దాటింది. ఈ సంక్రాంతికి మొదటిసారి పాలకొల్లు దగ్గర మా ఊరు వస్తోంది. ఇంట్లో హడావుడి అప్పుడే మొదలైంది. పెద్దమ్మ అయితే కొలతలు కూడా అడక్కుండా పట్టు పరికిణీ కుట్టించేసింది.

పేరు చెప్పను, ఫోటో పెట్టను. ఈ వీడియో చేయొచ్చా అని ముందు ఆ అమ్మాయినే అడిగాను. కొన్ని చెప్పొచ్చంది, ఒకటి వద్దంది. ఆ ఒకటీ ఇందులో ఉండదు.

మా వాళ్లందరి మాటా ఒకటే. "తెలుగు పిల్లే కదా, మన తిండే కదా, ఇంక ఇబ్బందేముంది?" అని. ఏ కొరియా పిల్లో, కొలంబియా పిల్లో అయ్యుంటే "పాపం కొత్త కదా, అలవాటు పడనివ్వండి" అని అందరం ఓపిక పట్టేవాళ్లం. మన భాష మాట్లాడుతోంది కాబట్టి, దిగిన రోజు నుంచే పుట్టి పెరిగిన మనవరాలిలా ఉండాలని చూస్తున్నాం. ఆ పిల్ల మారింది దేశం ఒక్కటే కాదండీ. హోమ్ నుంచి ఇంటికి మారింది. నన్నడిగితే ఆ రెండోదే పెద్ద దూరం.

ఎలాగంటే, హోమ్‌లో పిల్లలందరూ ఒకే హాల్లో వరసగా పడుకుంటారు. పైన ఫ్యాను చప్పుడు, ఎవరో దగ్గడం, ఎవరో కలవరించడం. న్యూజెర్సీలో తనకంటూ ఒక గది ఇచ్చారు. కొత్త మంచం, కొత్త దుప్పటి, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఎన్నో కలలు కని సర్దిన గది. పిల్లకి అందులో నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి వదిన లేచి చూస్తే, తమ్ముడి గది గుమ్మం ముందు చాప వేసుకుని పడుకుని ఉంది. బతిమాలినా, లైటు వేసి ఉంచినా లాభం లేకపోయింది. చివరికి అన్నయ్య ఒక టేబుల్ ఫ్యాను కొని, గోడవైపు తిప్పి పెట్టాడు. బయట మంచు పడుతుంటే లోపల ఫ్యాను. ఆ చప్పుడుకి నిద్ర పట్టింది.

ఇంకోటి గుడ్డు. ఉడకబెట్టిన గుడ్డు పెడితే సగం తిని, సగం కాగితంలో చుట్టి దిండు కింద దాచేది. రెండో రోజుకి వాసన వచ్చేసరికి బయటపడింది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని తిండి తిని పెరిగిన పిల్లలు దాచుకుంటారు. అది దొంగతనం కాదు, తిట్టి మాన్పించేదీ కాదు. వదిన ఆ పిల్ల గదిలో ఒక డబ్బా పెట్టింది. అందులో బిస్కెట్లు, జంతికలు. రూలు ఒకటే, ఆ డబ్బా ఎప్పుడూ ఖాళీ అవ్వకూడదు, ఎంత తిన్నావని ఎవరూ అడక్కూడదు. దాచుకోవడం ఒక్కరోజులో ఆగలేదు గానీ, తగ్గుతూ తగ్గుతూ ఆగింది. ఇప్పుడు ఆ డబ్బా మీద దాడి చేసేది తమ్ముడు.

మొదట్లో పిల్ల ఎంత బుద్ధిగా ఉండేదంటే, తెల్లారకుండానే లేచి పక్క మడతపెట్టేది, అన్నం తిన్నాక అందరి కంచాలూ కడిగేసేది, మంచినీళ్లు తాగాలన్నా అడిగేది. వీడియో కాల్‌లో చూసి మా పెద్దమ్మ మురిసిపోయింది. "ఎంత పనిమంతురాలో, మన అదృష్టం" అంది. అది పనిమంతురాలి లక్షణం కాదండీ, భయం. పనికి రాకపోతే వెనక్కి పంపేస్తారేమోనన్న భయం. ఆ తర్వాత కొన్ని నెలలకి తలుపు ధడేల్మని వేసి, "నువ్వు మా అమ్మవి కావు" అని వదిన మొహం మీదే అరిచింది. ఇక్కడ పెద్దమ్మ ఏడుపు లంకించుకుంది, విశ్వాసం లేదని. నేనేమంటానంటే, వెనక్కి పంపేస్తారని భయం ఉన్న పిల్ల అలా తలుపులు బాదదు. ఈ ఇల్లు ఎక్కడికీ పోదని కొంచెమైనా నమ్మకం కుదిరాకే పిల్లలకి అరిచే ధైర్యం వస్తుంది. అలాగని ఆ అరుపుల్ని పండగ చేసుకోమనట్లేదు, వదిన పడిన పాట్లు వదినకే తెలుసు. పిల్ల వారాల తరబడి నిద్రపోకపోయినా, తనని తాను గాయపరచుకుంటున్నా, ఇవన్నీ మామూలేనని కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో కేరిన్ పర్విస్, డేవిడ్ క్రాస్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇలాంటి పిల్లల కోసమే ఒక పద్ధతి తయారుచేశారు. మన మాటల్లో చెప్పాలంటే, ముందు ఆకలి, దాహం, నిద్ర చూడు. తర్వాత దగ్గరవ్వు. తప్పు దిద్దడం ఆ తర్వాత. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం, ముందు దిద్దడంతో మొదలుపెడతాం.

ఇలాంటి గొడవలు వచ్చినప్పుడు తల్లిదండ్రులు చేసే పని ఇంకోటుంది, దాచేయడం. విదేశాలకి దత్తత వెళ్లిన పిల్లల గురించి మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి రిపోర్టు వెళ్లాలి. ఢిల్లీలో ఉన్న కారాకి, అంటే దత్తతలు చూసే కేంద్ర సంస్థకి వెళుతుంది. సోషల్ వర్కర్ ఇంటికొస్తే సోఫాలు సర్ది, టీ ఇచ్చి, అంతా బాగుందని చెప్పి పంపేస్తారు. పరువు పోతుందని, పిల్లని తీసుకుపోతారేమోనని. ఆవిడ వచ్చేదే సాయం చేయడానికి. గుడ్డు సంగతి ఆవిడకే ముందు చెప్పాల్సింది.

సరే, స్కూలు. అమెరికాలో పిల్ల వయసుని బట్టి తరగతిలో కూర్చోబెడతారు. పదమూడేళ్లంటే ఏడో ఎనిమిదో తరగతి. చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. మనవాళ్లు చాలామంది అక్కడ ఇంగ్లిష్ అని రాసేస్తారు, పిల్లని వేరే క్లాసులో వేస్తారేమోనని. దయచేసి ఉన్నదున్నట్టు తెలుగు అని రాయండి. ఇంగ్లిష్ రాని పిల్లలకి భాషలో సాయం చేయడం అక్కడి ప్రభుత్వ స్కూళ్ల బాధ్యత, 1974లోనే సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. ఆ ఫారం చూసే సాయం మొదలవుతుంది. మీరు ఇంగ్లిష్ అని రాస్తే, ఆ దారి మీరే మూసేసినట్టు.

ఏడాది తిరిగేసరికి పిల్ల ఫ్రెండ్స్‌తో గలగలా ఇంగ్లిష్ మాట్లాడుతుంది. అప్పుడు ఇంట్లో అందరూ, "ఇంగ్లిష్ వచ్చేసిందిగా, మార్కులు రావేం?" అంటారు. కబుర్ల ఇంగ్లిష్ ఒకటి, పాఠాల ఇంగ్లిష్ ఇంకోటి. మొదటిది రెండేళ్లలో పట్టుబడుతుంది. రెండోది పట్టుబడాలంటే ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని భాషా పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. పదమూడేళ్ల పిల్లకి ఐదేళ్లంటే హైస్కూలు అయిపోతుంది. కాబట్టి మార్కుల టెన్షన్ పెట్టుకుంటే ఆ ఐదేళ్లూ ఇంట్లో అదే గొడవ. చాలా రాష్ట్రాల్లో పద్దెనిమిది దాటాక కూడా హైస్కూల్లో ఉండి పూర్తి చేయొచ్చు, తొందరేం లేదు.

ఇక్కడ తాతయ్యలు చేయగలిగిన మంచి పని ఒకటుంది. మన ఆంధ్రా ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ వేస్తున్నారు కదా. మా పెదనాన్న సైన్సు, సోషల్ పుస్తకాలు కొని కొరియర్ చేశాడు. ఆ పిల్ల ముందు తెలుగు పేజీ చదువుతుంది, తర్వాత ఇంగ్లిష్ పేజీ, ఆ తర్వాత స్కూలు పుస్తకం. ఆకులు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో దానికి ముందే తెలుసు, తెలియంది దాని ఇంగ్లిష్ పేరే. అన్నీ కొత్తగా నేర్చుకోవాలేమో అనుకున్న పిల్లకి సగం వచ్చని తేలింది. ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లిష్ తొందరగా వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

పిల్ల నిజంగానే చదువులో బాగా వెనకబడిందని అనుమానం వస్తే, పరీక్షలు చేయించమని స్కూలుకి ఉత్తరం రాయండి. తెలుగులో చేయించమని అడగండి. వీలైనంత వరకు పిల్ల సొంత భాషలోనే పరీక్షించాలని వాళ్ల ప్రత్యేక విద్యా చట్టమే చెబుతోంది. లేకపోతే ఇంగ్లిష్ రాకపోవడాన్ని తెలివి లేకపోవడం కింద రాసేస్తారు.

టీచరు వంశవృక్షం గీయమనో, చిన్నప్పటి ఫోటో తెమ్మనో అంటారు. ఏడాది మొదట్లోనే టీచర్‌తో మాట్లాడి ఉంచుకోండి. మా అమ్మాయి దగ్గర పదేళ్ల లోపు ఫోటో ఒక్కటీ లేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గోదావరోళ్లకి మర్యాదలు ఎక్కువ, ప్రశ్నలు ఇంకా ఎక్కువ, ఆయ్. అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ చేతికిచ్చేలోపు మూడు తరాలు ఆరా తీసేస్తాం. ఈ పిల్ల విషయంలో అందరి నాలుక మీదా ఉన్న ప్రశ్న ఏంటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏ కులమో. మా బంధువు ఒకాయన ఏకంగా, "హోమ్ మన పక్కనే కదా, నాలుగు ఫోన్లు కొడితే కూపీ లాగేయొచ్చు" అన్నాడు. కుదరదండీ. దత్తత వెళ్లిన పిల్లలు తమ పుట్టుక గురించి తెలుసుకోవాలంటే దానికి పద్ధతి ఉంది. పద్దెనిమిది నిండాక వాళ్లే అడగొచ్చు, లోపైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి అడగాలి. మూడో మనిషికి వెతికే హక్కు లేదని దత్తత నిబంధనల్లోనే రాసి ఉంది. బాబాయి అయినా సరే, మూడో మనిషే.

రెండోది, "నువ్వెంత అదృష్టవంతురాలివే" అనడం. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ పిల్ల స్నేహితులు, అక్కలా చూసుకున్న ఆయమ్మ, తెలిసిన వీధి, అన్నీ వదిలి వెళ్లింది. ఐదేళ్లు దాటిన పిల్లలైతే వాళ్ల ఇష్టం అడిగాకే దత్తత ఇస్తారు, ఈ అమ్మాయి కూడా సరే అనే వెళ్లింది. సరే అన్నంత మాత్రాన బెంగ ఉండదా? ఊడ్పుల నారుతో పోలుస్తారు మనవాళ్లు, ఆకుమడిలోంచి పీకి చేలో నాటితే నాలుగు రోజులు వాలి తర్వాత తేరుకుంటుందని. నారుకి ఆకుమడి గుర్తుండదండీ, పిల్లకి గుర్తుంటుంది.

పండగ మూడు రోజులూ మా ఇంట్లో యాభై మంది దాకా ఉంటారు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూపించాలని మా వాళ్ల ఉబలాటం. డప్పులు, జనం, తోపులాట. వదిన ముందే ఒక ఏర్పాటు చేసింది. పిల్ల వచ్చి జడ సరిచేయమని అడిగితే, తనకి ఇక్కణ్ణుంచి వెళ్లిపోవాలని ఉందని అర్థం. వెంటనే బయల్దేరతారు, ఎందుకని ఎవరూ అడక్కూడదు. ఇంట్లో కూడా మేడ మీద గది ఒకటి తనకే ఉంచాం. పేకాట బ్యాచ్‌ని ఈసారి కింద వసారాలోకి దించాం, వాళ్ల మొహాలు చూడాలి. ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "మా మనవరాలు" అంటే చాలు. పక్కన "పెంచుకున్నారు" అని తోక తగిలించొద్దని పెద్దమ్మకి రోజూ చెబుతున్నాను. తమ్ముణ్ణి కూడా మర్చిపోకండి. మొన్నటిదాకా ఇంటికి ఒక్కడే, ఇప్పుడు అందరి చూపూ అక్క మీదే. వాడికీ ఒక గాలిపటం కొనండి.

ఆఖరిది, ఆ పాత హోమ్‌కి తీసుకెళ్లాలా వద్దా అని. మా ఊరి నుంచి కారులో రెండు గంటల దారి. పెద్దవాళ్లకి సర్‌ప్రైజ్ ఇవ్వాలని సరదా. పిల్లకి చెప్పకుండా కారెక్కించి గేటు ముందు దించారనుకోండి, మళ్లీ ఇక్కడే వదిలేస్తారా అని ఆ పిల్ల గుండె ఆగిపోతుంది. వెళ్లాలా అని తననే అడగాలి. వెళతానంటే ముందుగా హోమ్ వాళ్లకి చెప్పి, అమ్మానాన్నలతో మాత్రమే వెళ్లాలి. తిరిగొచ్చే టైము కూడా ముందే చెప్పాలి, ఆ సాయంత్రం చుట్టాల భోజనాలు పెట్టుకోకూడదు. గేటు దాకా వెళ్లి వద్దన్నా వెనక్కి తిరిగి రావాలి.

మా అమ్మాయి ఆలోచించుకుని, ఈసారి వద్దంది. ఆయమ్మతో ఫోన్లో మాట్లాడతానంది, హోమ్ వాళ్లు ఒప్పుకున్నారు. పెద్దమ్మ మాత్రం అక్కడికి వెళ్లడానికి అప్పుడే కారు మాట్లాడి అడ్వాన్సు కూడా ఇచ్చేసింది. ఆ డ్రైవరుకి ఫోన్ చేసి, అదే కారు అంతర్వేది ట్రిప్పుకి మార్పించే పని ఇప్పుడు నా నెత్తిన పడింది.