స్టిక్కర్ పక్కన ఇంకో స్టిక్కర్

అందరికీ నమస్కారం. 2021, 22ల్లో ఇక్కడ అమెరికాలో కార్లు దొరకలేదు, దొరికిన చోట డీలర్లు స్టిక్కర్ రేటు, అంటే కంపెనీ కారు అద్దం మీద వేసిన రేటు మీద వేల డాలర్లు ఎక్కువ అడిగారు, మీలో కొంతమంది కట్టే ఉంటారు కూడా. ఇచ్చేవాడి ఇష్టం పుచ్చుకునేవాడి ఇష్టం, ఇందులో న్యాయం అన్యాయం ఏముంది అని ఫ్రెండ్స్ నాతో అన్నారు. నాకు మాత్రం ఉంది అనే అనిపిస్తుంది, అదే ఇవాళ చెప్తాను.

అసలు కొరత ఎందుకొచ్చిందంటే, 2020 లాక్‌డౌన్‌లో కార్లు ఎవరు కొంటార్లే అని కంపెనీలు కార్లలో వాడే కంప్యూటర్ చిప్స్ ఆర్డర్లు తగ్గించేసుకున్నాయి, అదే టైమ్‌లో అందరం ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లు ఫోన్లు కొన్నాం, చిప్ ఫ్యాక్టరీలు అటు తిరిగిపోయాయి. తర్వాత కార్లకి గిరాకీ వచ్చింది గానీ చిప్స్ లేవు. దానికి తోడు 2021 ఫిబ్రవరిలో మన టెక్సాస్‌లో కరెంటు పోయి గడ్డకట్టుకుపోయాం గుర్తుందా, ఆస్టిన్‌లో చిప్ ఫ్యాక్టరీలు కూడా అప్పుడే ఆగిపోయాయి, మార్చిలో జపాన్‌లో రెనెసాస్ అనే కంపెనీ చిప్ ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగింది. అంటే ఇందులో డీలర్ తప్పేమీ లేదు, అది ఒప్పుకోవాలి.

కానీ డీలర్ ఏం చేశాడు? అద్దం మీద కంపెనీ స్టిక్కర్ ఉంటుంది, 1958 నుంచి అది చట్టం, రేటు చూపించి తీరాలి, కానీ ఆ రేటుకే అమ్మాలని ఆ చట్టంలో లేదు. అందుకే దాని పక్కనే 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని ఎక్స్‌ట్రా రేటు వేసి ఇంకో స్టిక్కర్ అంటించారు. ఫోర్డ్, జీఎం కంపెనీలే 2022 మొదట్లో ఇలా చేయొద్దని డీలర్లని హెచ్చరించాయి.

సరిగ్గా ఇదే ప్రశ్న 1986లో కానమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు ఒక పరిశోధనలో కెనడా జనాన్ని అడిగారు. కారుకి కొరత వచ్చింది, లిస్టు రేటుకి, అంటే కంపెనీ వేసిన రేటుకి అమ్మే డీలర్ 200 డాలర్లు పెంచాడు, న్యాయమేనా? 71 శాతం మంది అన్యాయం అన్నారు. అదే డీలర్ ఇదివరకు 200 డిస్కౌంట్ ఇస్తుండేవాడు, ఇప్పుడది తీసేశాడు అంటే మాత్రం 58 శాతం పర్లేదన్నారు. రెండిట్లోనూ పెరిగింది 200 డాలర్లే, చూడండి. ఇచ్చేది ఆపేస్తే జనం సర్దుకుంటారు, అవసరం చూసి పైన వేస్తే ఊరుకోరు.

రేటు పెరిగితే సరుకు పెరుగుతుంది, కొరత దానంతటదే తీరుతుంది అని ఎకనామిక్స్‌లో చెప్తారు. చాలా వస్తువుల విషయంలో నిజమే. కానీ ఇక్కడ డీలర్‌కి ఎక్స్‌ట్రాగా ఓ అయిదువేల డాలర్లు ఇచ్చారనుకోండి, దాంతో ఒక్క చిప్ కూడా ఎక్కువ తయారవ్వలేదు, ఆ డబ్బు షోరూమ్ దాటి వెళ్ళలేదు. ఎవరికి ఎక్కువ అవసరమో రేటే తేలుస్తుంది అనేది ఇంకో మాట, అది అసలే ఒప్పుకోను, రేటు తేల్చేది ఎవరి దగ్గర ఎంత ఉందో అంతే. మూడో కారు కొనేవాడికి అయిదువేలు లెక్క కాదు, బస్సు లేని ఊళ్ళో నైట్ షిఫ్ట్‌కి వెళ్ళే నర్సుకి లెక్కే.

నేను ఆ టైమ్‌లోనే కారు కొన్నాను, లిస్టు రేటుకి అమ్మే డీలర్ దగ్గర పేరు రాయించుకుని నెలల తరబడి ఆగాను. ఆగగలిగాను ఎందుకంటే వర్క్ ఫ్రమ్ హోమ్. రోజూ పనికి వెళ్ళాల్సినవాళ్ళు అంత ఆగలేరు, కాబట్టి క్యూ కూడా అందరికీ సమానమేం కాదు. మన నాన్నల తరానికి ఇది బాగా తెలుసు, బజాజ్ చేతక్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు, ఎన్ని బళ్ళు చేయాలో ప్రభుత్వం ఇచ్చే లైసెన్స్ చెప్పేది, సెకండ్ హ్యాండ్ బండి కొత్తదాని కంటే ఎక్కువ పలికేది, ఫారిన్ నుంచి డాలర్లు పంపే బంధువులుంటే మాత్రం బండి ముందే వచ్చేసేది. అయినా నేను క్యూ వైపే ఉంటాను, కాకపోతే ఎవరి నంబరెంతో అందరికీ కనపడాలి, మధ్యలో ఎవరూ దూరకూడదు.

మళ్ళీ ఇలాంటి కొరత వస్తే లిస్టు రేటుకి, వరసలో అమ్మే డీలర్లు ఎవరో మనం ఒకరికొకరం చెప్పుకుందాం, ముఖ్యంగా ఎంఎస్‌కి కొత్తగా వచ్చిన పిల్లలకి, వాళ్ళకి బేరం ఆడటం తెలీదు, క్రెడిట్ హిస్టరీ కూడా ఉండదు. అప్పుడు ఎక్స్‌ట్రా కట్టినవాళ్ళు, కట్టలేక ఆగిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడు మాట్లాడండి, మైక్ అటు పంపిస్తున్నాను.